సత్యవ్రతుని నిరీక్షణము

మానవునకు వచ్చు ఆపదలు రెండు తెఱగులు. పిడుగువలె చెప్పక వచ్చునవి కొన్ని. ముందుగా దూతను పంపి వచ్చు రాజువలె తెలియజేసి వచ్చునవి కొన్ని. తుపాను రెండవ తెఱగునకు చెందినది. సముద్రముపై వాయుగుండము బలపడినదని వినినది మొదలు అది తీరము దాటువఱకు తీరవాసులకు ఒకటి రెండు దినముల వ్యవధి యుండును. ఆ వ్యవధిని భక్తుడు ఎట్లు గడపవలెను? "అంతయు దైవాధీనము" అని ఇల్లు కదలక కూర్చుండుట భక్తి యగునా? ఈ ప్రశ్నకు శ్రీమద్భాగవతము అష్టమస్కంధమునందలి మత్స్యావతార కథ సమాధాన మొసగుచున్నది.

ద్రవిడదేశాధీశుడును రాజర్షియు నగు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణము చేయుచుండగా అతని దోసిట ఒక చేపపిల్ల పడినది. కాపాడుమని వేడిన ఆ మీనమును రాజు కమండలువునందుంచెను. అది పెరుగుచుండగా సరస్సునకును, తుదకు సముద్రమునకును చేర్చెను. అది శ్రీహరియే యని అతడు గ్రహించిన పిమ్మట స్వామి రానున్న దానిని తెలియజేసెను. నాటికి ఏడవ దినమున ముల్లోకములును ప్రళయజలమున మునుగును. స్వామి పంపిన ఓడ యొకటి రాజు కడకు వచ్చును. అతడు ఓషధులను, సమస్త బీజములను గైకొని, సప్తర్షులతోను సకల ప్రాణులతోను దాని నెక్కవలెను. పెనుగాలికి ఓడ ఊగినప్పుడు వాసుకిని త్రాడుగా జేసి మత్స్యమూర్తి కొమ్మునకు కట్టవలెను.

ఇచట విచారింపదగిన విషయ మొకటి గలదు. స్వామి సర్వసమర్థుడు. సంకల్పమాత్రమున రాజును రక్షింపగలడు. మఱి ఓడ యేల? విత్తనము లేల? త్రా డేల? కథను జాగ్రత్తగా పరిశీలించినచో పని రెండు పాళ్లుగా పంచబడినట్లు తెలియును. ఓడను పంపుట స్వామి పని. విత్తనములను కూర్చుట రాజు పని. కొమ్ము నిచ్చుట స్వామి పని. ముడి వేయుట రాజు పని. దైవానుగ్రహము పురుషప్రయత్నమును తొలగింపదు. దానికి చోటు చూపును. అంతేకాదు, విత్తనములను తెమ్మనుటలోనే గొప్ప అభయము దాగియున్నది. ప్రళయానంతరము భూమి మరల పండుననియే గదా దాని భావము.

స్వామి అంతర్ధానమైన పిదప రాజు ఆ కాలమునకై ఎదురుచూచుచు, దర్భలను తూర్పు కొనలుగా పఱచి, ఈశాన్యాభిముఖుడై కూర్చుండి హరిపాదములను ధ్యానించెను. ఓడ రాగానే ఓషధులను గైకొని ఎక్కెను. కావున అవి ముందే సిద్ధమై యుండెనని యూహింపవలెను. విక్లవము లేక సంచరింపుమని స్వామి అతనికి చెప్పియుండెను. విక్లవమనగా బెదురు, కలత. చేయదగిన పని ముగించినవాని మనస్సే కలత లేక ధ్యానమున నిలుచును.

గజేంద్రుడు ఏ ప్రయత్నమును లేక శరణాగతిచేతనే రక్షింపబడలేదా యని కొందరు శంకింతురు. అది సరికాదు. గజేంద్రుడు మొసలితో వేయి సంవత్సరములు పోరాడెను. తన బలమును, తోడివారి బలమును ఉడిగిన పిదపనే సర్వేశ్వరుని పిలిచెను. ఉన్న బలమును వాడక విడిచినవాడు గజేంద్రుని ఉదాహరింప నర్హుడు కాడు.

ఈ ధర్మమును తెలుగు తీరమునకు అన్వయించి చూడవలెను. 1977 నవంబరు 19వ తేదీన, కార్తికమాసములో, పెనుతుపాను చీరాల సమీపమున తీరము దాటెను. మన గోళార్ధమున తుపాను గాలి అపసవ్యముగా తిరుగును. అందుచే తుపాను నడచు దారికి కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని త్రోయును. చీరాలకు ఈశాన్యమున నున్న దివిసీమ ఆ కుడిప్రక్కను పడినది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన ఊళ్లపై పడి, పదివేల మందికి తక్కువ కాకుండ ప్రాణములు గొన్నది. పశువులకు లెక్కయే లేదు. హెచ్చరిక ప్రతి గడపకును చేరలేదు. చేరినచోటను పోయి తలదాచుకొనుటకు గట్టి కట్టడములు అరుదు. వారిది భక్తిలోపము కాదు. వారికి ఏడు దినముల వార్తయు, ఓడయు అందలేదు.

తరువాతి కాలమున తీరమునందు తుపాను షెల్టర్లని జనులు పిలుచు పక్కా భవనములు లేచినవి. 1990 మే 9వ తేదీన మరియొక పెనుతుపాను కృష్ణానది ముఖద్వారము చెంతనే తీరము దాటెను. ముందుగానే లక్షలాది జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయి లోపున నిలిచినది. అదియు దుఃఖకరమే, కాని రెండు తుపానులకు నడుమనున్న భేదము ఎదురుచూచిన విధమునందు కలదు.

నేడు వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచనను, 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను తెలియజేయుచున్నది. గృహస్థుడు ఈ గడువును సత్యవ్రతుని ఏడు దినములుగా భావింపవలెను. బియ్యము, మంచినీరు, మందులు, విత్తనములు, పొలము కాగితములు భద్రపఱచుకొనవలెను. సకల ప్రాణులతో ఎక్కుమను ఆజ్ఞను తలచి, పశువులను మెట్టకు తోలవలెను. వీలుకానిచో పలుపులైనను విప్పవలెను. నడువలేని వృద్ధులను, ఒంటరివారిని వెంట గొనిపోవలెను. రాజు ఒంటిగా ఓడ నెక్కలేదు గదా. పొమ్మని చెప్పినప్పుడు ఇంటిమీది మమకారమున ఆగరాదు. తుపాను కన్ను ఊరిమీదికి వచ్చినప్పుడు గాలి నిలిచి ఆకసము తెఱపి నిచ్చును. గండము గడచినదని అప్పుడు వెలికి రారాదు. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి గాలి అంత బలముగను వీచును.

ఇన్నియు చేసిన పిదప దీపము నొత్తిగిల్లనీయక, షెల్టరు గదిలో పదిమందితో కూర్చుండి నామస్మరణ చేయవలెను. అప్పుడది భయమునకు మఱుగు కాక నిజమైన ధ్యాన మగును. ప్రళయజలమున ఓడ ఊగుచుండగనే మత్స్యమూర్తి రాజునకు తత్త్వోపదేశము చేసెను. అట్టి నిబ్బరమును తీరవాసు లెల్లరకును ఆ స్వామి అనుగ్రహించుగాక.