ఎండిన మ్రాను

నేలకొరిగిన చెట్టు మనిషి కంటికి వంటచెరకు, లేదా తొలగించవలసిన చెత్త. అడవికి మాత్రం అది అన్నసత్రం. ఆ సత్రంలో భుజించే అతిథులలో ఒక చిన్న చిమ్మట సంతతి కూడా ఉంది.

ఐరోపా అడవులలో నివసించే ఈ చిమ్మట శాస్త్రీయ నామం నెమాపోగాన్ క్లోయసెల్లా. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హావర్త్ 1828లో దీనిని వర్ణించాడు. రెక్కలు పూర్తిగా చాచినా దీని వెడల్పు 2 సెంటీమీటర్లకు మించదు. తెల్లని రెక్కలపై గోధుమవన్నె మచ్చలు, తలపై రేగిన నూగు దీని గుర్తులు. ఉన్ని దుస్తులను పాడుచేసే చిమ్మట దీనికి దాయాది. రెండింటిలోనూ కొరికే పని గొంగళిపురుగుదే.

కొయ్యలోని సెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలను జీర్ణించుకోగల ప్రాణులు అరుదు. శిలీంధ్రాలకు ఆ శక్తి ఉంది. ఐరోపాలోని బర్చ్ చెట్టు, మనకు భూర్జపత్రాలను ప్రసాదించిన హిమాలయ వృక్షానికి సోదరజాతి. అది ఎండిపోయినప్పుడు దాని కాండంపై అరల వలె గట్టి పుట్టగొడుగులు పొడుచుకొని వస్తాయి. ఈ చిమ్మట గొంగళిపురుగులు వాటిలో సొరంగాలు తొలుచుకొని పెరుగుతాయి. కొయ్యలోని సారం శిలీంధ్రానికి, శిలీంధ్రం పురుగుకు, పురుగు పిట్టకు ఆహారమవుతాయి. చెట్టు జీవితకాలమంతా కూడబెట్టిన శక్తి ఈ విధంగా చేతులు మారుతూ సాగుతుంది.

ఈ పురుగుకు మరొక కీర్తి కూడా ఉంది. ద్రాక్షసారా సీసాలను నిల్వచేసే చెమ్మ నేలమాళిగలలో ఇది బిరడాలను తొలిచివేస్తుంది. ఆ బిరడాలు ఓక్ జాతి చెట్టు బెరడుతో చేసినవే. ఆంగ్లంలో దీనికి ‘బిరడా చిమ్మట’ అన్న అర్థమిచ్చే పేరే స్థిరపడింది. అడవిలో ఉపకారి, కొట్టులో చీడ! పురుగు స్వభావం ఒక్కటే. దానిని తూచే మనిషి లాభనష్టాలు వేరు.

శుభ్రత పేరిట అడవిలోని ఎండుమ్రాకులన్నింటినీ తొలగిస్తే శిలీంధ్రం, పురుగు, పిట్ట ఒకదాని వెంట ఒకటి నిరాధారమవుతాయి. అందుచేతనే బ్రిటన్, జర్మనీ వంటి దేశాలలోని కొన్ని అడవులలో కూలిన చెట్లను తెలిసే వదలివేస్తున్నారు. పచ్చని చెట్టును కాపాడడం అందరూ మెచ్చే ధర్మం. ఎండిన చెట్లలో కొన్నింటిని అడవికే విడిచిపెట్టడం అంతకంటె సూక్ష్మమైన ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు
మ్రాను = చెట్టు
దాయాది = ఒకే వంశంలో పుట్టినవాడు
బిరడా = సీసా మూత
నేలమాళిగ = భూమి లోపల కట్టిన గది

ప్రశ్నలు
1. ఎండిన చెట్టు అడవికి ‘అన్నసత్రం’ ఎట్లా అయిందో వివరించండి.
2. ‘అడవిలో ఉపకారి, కొట్టులో చీడ’ అన్న వాక్యాన్ని సమర్థించండి.