మా వసారా దీపం కింద ఒక మేఫ్లై

జువాలజీ రికార్డులో బొద్దింక నోటిభాగాలు ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. కాని ఒక పురుగు నోరు చూసినందువల్ల ఇంట్లో నాలుగు డబ్బులు మిగులుతాయని మొన్న దసరా సెలవుల దాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం వసారా బల్బు చుట్టూ సన్నని పురుగులు మూగాయి. చేలో వరి పొట్టమీద ఉంది. నాన్న ఒకదాన్ని పట్టి చూసి, "ఏరా, ఇదేదో కొత్త దోమలా ఉంది. రేపు మందు కొట్టాలేమో" అన్నాడు. మందంటే మళ్లీ అప్పే. "ఒక్క రోజు ఆగు నాన్నా" అని చేతిలెన్సు తీశాను.

సుడిదోమ రెక్కల్ని ఒంటిమీద ఇంటికప్పులా వాల్చుకుంటుంది. ఇది సీతాకోకచిలుకలా పైకి నిలబెట్టింది. ఉన్నది ఒక్క జత రెక్కలే. వెనక జత లేదు. పొట్ట చివర దారాల్లాంటి రెండు తోకలు. మగదానికి మామూలు కళ్ళు చాలవన్నట్టు, నెత్తిన తలపాగా చుట్టినట్టు మరో జత! అన్నిటికన్నా ముఖ్యం, రసం పీల్చే తొండం లేదు.

ఇవి ఎఫిమెరాప్టెరా క్రమం లక్షణాలు. గ్రీకులో ఆ మాటకు ఒక్కనాటి రెక్కలని అర్థం. రెక్కలొచ్చాక ఈ పురుగు తినదు. జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. తలపాగా కళ్ళు బీటిడే కుటుంబానివి. వెనక రెక్కలు లేకపోవడం, రెండు తోకలు చూసి క్లోయాన్ ప్రజాతి అనుకున్నాను. సెలవులయ్యాక మా లెక్చరరుగారు మైక్రోస్కోపు కింద చూసి అవునన్నారు.

పురుగు మంచిదైనంత మాత్రాన చేను క్షేమమని కాదుగా! తెల్లారి నేనూ నాన్నా చేలో దిగి దుబ్బుల మొదళ్ళు విడదీసి చూశాం. సుడిదోమ లేదు, సాలీళ్ళు మాత్రం బాగా ఉన్నాయి. మందు కొడితే ముందు చచ్చేది దోమను తినే ఆ సాలీళ్ళే. నాన్న మందు మానుకున్నాడు.

మరి ఇవి ఎక్కడివి? గొడ్ల నీళ్లతొట్టిలో దొరికాయి పిల్లలు. పొట్టకు ఇరువైపులా ఆకుల్లాంటి మొప్పలు, తోకలు మాత్రం మూడు! నాచు తిని బతుకుతాయి. రెక్కల తొడుగులు నల్లబడ్డ పిల్లనొకదాన్ని సీసాలో వేసి పలచటి గుడ్డ కట్టాను. సాయంత్రానికి మసక రెక్కలతో బయటికొచ్చింది. పొద్దున చూస్తే పక్కన మరో కుబుసం. రెక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే కీటకాలు నేడు లోకంలో ఇవొక్కటే.

అమ్మ దానికి ఒంటిపూట పురుగని పేరు పెట్టింది. మిత్రులారా, మీ ఇంటి దీపం కింద కూడా ఓసారి చూడండి. చంపేముందు నోరు చూడండి.