ఆటకొఱకు అన్యదేశ చరిత్రము: జపానును గూర్చిన పాఠము

చరిత్రము పరీక్షకొఱకు మాత్రమే చదువవలసినదని కొందఱు విద్యార్థులు తలంచుచున్నారు. ఆటలో సయితము చరిత్రజ్ఞానము అక్కఱకు వచ్చునని చూపుటకు మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన యిండ్లలో పచ్చీసు, అష్టాచెమ్మ, వైకుంఠపాళి ఎఱుగనివారు అరుదు. అట్లే బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుండి ఆడు క్రీడ మఱియొకటి కలదు. దీనిని పాత్రధారణక్రీడ యనవచ్చును. 1974వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వలన ఈ తరగతి ఆటలు ప్రసిద్ధికి వచ్చెను. ఇందు ఒకరు సూత్రధారియై కథాస్థలమును వర్ణింతురు. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైనచోట పాచికలు వేసి నిర్ణయింతురు. ఇందు గెలుపోటములకంటె కథ నడచుటయే ప్రధానము.

ఇట్టి యాటలకు పూర్వకాలపు జపాను తఱచుగా రంగస్థల మగుచున్నది. 1979లో ‘బుషిడో’ అను క్రీడ వెలువడెను. 1997లో వెలువడిన ‘లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్’ అను క్రీడకు రోకుగాన్ అను కల్పితదేశము రంగస్థలము. అది చాలవఱకు జపానును చూచి కల్పింపబడినదే. ఇప్పుడు మన విద్యార్థులు కొందఱు తామే అట్టి యాటను రచింపబూనిరనుకొందము. ఒక వంకకత్తి, ఒక సమురాయి, నల్లని దుస్తుల గూఢచారి, పూచిన చెట్టు - ఇవి చేర్చిన చాలునని వారికి తోచవచ్చును. అది వేషమే కాని చరిత్రము కాదు.

వేషమునకును చరిత్రమునకును గల భేదము మన జిల్లాలనుండియే తెలిసికొనవచ్చును. దీపావళి దినములలో ఆదిలాబాదు ప్రాంతపు గోండులు దండారి జరుపుదురు. అందు గుస్సాడీలు నెమలియీకల కిరీటములు ధరించి ఆడుదురు. ఆ కిరీటమును పటములో చూచినవాడొకడు, గోండులనగా ఈకలు ధరించి అడవిలో గంతులు వేయువారని ఆట కల్పించెనేని, ఆ బిడ్డల మనస్సు ఎంత నొచ్చును! వారి భాష, వారి వంశకథలు, భూమికై వారుపడిన పాట్లు, 1940లో జోడేఘాటువద్ద ప్రాణము లర్పించిన కొమురం భీము - ఇవి యేవియు ఆ యాటలో నుండవు.

దీనికి మాఱుగా క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గారు చేసిన పనిని చూడుడు. వియన్నాలో పుట్టిన యీ పండితుడు 1940 తరువాతి యేండ్లలో, నేడు కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలోనున్న మార్లవాయి గ్రామమున భార్యతో కాపురముండి, గోండీభాష నేర్చి, గోండుల ఆచారములను వారినోటనే విని, 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చి గ్రంథము ప్రకటించెను.

మన దేశమునుండి జపానునకు వెళ్లి పరిశోధించినవారును కలరు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు హైదరాబాదు రాజ్యములోనున్న కాలమున, ఆ రాజ్యపు విద్యాశాఖ డైరెక్టరు సయ్యద్ రాస్ మసూద్ గారు 1922లో జపానునకు వెళ్లి, 1923లో ఆ దేశపు విద్యావిధానమును గూర్చి ఇంగ్లీషున పెద్ద గ్రంథము వెలువరించిరి. ఆసియాలోని యొక దేశము ఆధునిక శాస్త్రములను తన భాషలోనే ఎట్లు బోధింపగలిగెనను ప్రశ్న వారికి ముఖ్యమైయుండెను. ప్రశ్న చేతబట్టుకొని వెళ్లినవానికే చరిత్రము బదులు చెప్పును. ఆట రచించువారును కొన్ని ప్రశ్నలు చేతబట్టుకొనవలయును.

మొదటి ప్రశ్న: ఇది యే సంవత్సరము? కాకతీయ సేనాపతియు, అసఫ్‌జాహీల తహసీలుదారుడును ఎలగందుల కోటలో కూర్చుండి మాటలాడుకొనినట్లు వ్రాసినచో మనము నవ్వుదుము. 1323లో కాకతీయరాజ్యము కూలెను. అసఫ్‌జాహీల పాలన 1724లో మొదలయ్యెను. నడుమ నాలుగువందల యేండ్లు. జపాను విషయమునను ఇంతే. 1560లో సమురాయి యుద్ధరంగమున నుండువాడు. 1700 నాటికి దేశము శాంతించియుండెను. అప్పటి సమురాయిలనేకులు కోటపట్టణములలో కాపురముండి, ప్రభువిచ్చు బియ్యపు భత్యముతో జీవించుచు, లెక్కలు పత్రములు వ్రాయుచుండిరి. తుపాకి 1543లో పోర్చుగీసులవలన తానెగాషిమా ద్వీపమునకు వచ్చెను. 1588లో హిదెయోషి రైతులయొద్ద కత్తులు, బల్లెములు, తుపాకులు తీసికొనవలెనని ఆజ్ఞాపించెను. కావున ఆటలో రైతుకుఱ్ఱని చేత ఆయుధ ముంచుటకు ముందు సంవత్సరము చూచుకొనవలయును.

రెండవ ప్రశ్న: జనులేమి తినిరి, పన్ను దేనితో చెల్లించిరి? మన పల్లెలలో సోల, మానిక, కుంచము, పుట్టి యని ధాన్యము కొలిచినట్లే, జపానువారు కొకు అను కొలత వాడిరి. ఒక కొకు సుమారు 180 లీటర్లు; ఒక మనిషికి ఏడాదికి చాలు బియ్యమని దాని లెక్క. తోకుగావా కాలమున పదివేల కొకుల భూమి గల ప్రభువునే దైమ్యో యనిరి. ఇది తెలిసినచో ఆటలో వీరునికి బంగారు నాణెముల సంచి ఇయ్యనక్కఱలేదు; ఏటికి ఇన్ని కొకులని భత్యము నిర్ణయింపవచ్చును. అనావృష్టి వచ్చెనేని ప్రభువునకు, సేవకునకు, రైతునకు ఒకేసారి కష్టము తటస్థించును. కథ తనంతట తానే పుట్టును.

మూడవ ప్రశ్న: దారిలో ఎవరాపుదురు? 1635 నాటి శాసనముచే దైమ్యోలు ఏడు విడిచి ఏడు ఎడో నగరమున నుండవలసివచ్చెను. వారు స్వస్థలమునకు పోయినను భార్యాబిడ్డలు ఎడోలోనే నిలువవలయును. తోకైదో మార్గమున హకోనెవద్ద కావలివారు అనుమతిపత్రములు చూచెడివారు. ఎడోనుండి బయలుదేఱు స్త్రీలను వారు ప్రత్యేకముగా పరీక్షించుచుండిరి. మాఱువేషముతో తప్పించుకొని పోవు ఒక ప్రభువు కుమార్తెను ఆ కావలి దాటించుట పది కత్తియుద్ధములకంటె ఉత్కంఠ కలిగించు ఘట్టము కాదా?

నాలుగవ ప్రశ్న: ఈ మాట చెప్పినదెవరు? లూయీ ఫ్రోయిష్ అను పోర్చుగీసు మతగురువు 1563లో జపానునకు వచ్చి, నొబునాగాను స్వయముగా కలిసికొని, చూచినవి వ్రాసెను. ఆయన వ్రాతలు అమూల్యములు. అయినను ఆయన బౌద్ధసన్న్యాసులను ప్రతిపక్షులుగా చూచినవాడని మఱవరాదు. నితోబె గారి ‘బుషిడో’ గ్రంథము మిక్కిలి ప్రసిద్ధము. అది 1900 ప్రాంతమున, పాశ్చాత్యులకొఱకు, ఇంగ్లీషున వ్రాయబడినది. అప్పటికి సమురాయిల కత్తిధారణమును ప్రభుత్వము నిషేధించి ఇరువదియేండ్లు దాటెను. 1560 నాటి యోధుని మనస్సునకు దానినే సాక్ష్యముగా గొనరాదు. 1637-38లో జరిగిన షిమబారా తిరుగుబాటును కొందఱు మతహింసచే పుట్టినదందురు, కొందఱు పన్నుల భారముచే పుట్టినదందురు. రెండును నిజమే. ఒక కారణమునే చెప్పు పుస్తకము చేతికి వచ్చినపుడు రెండవది వెదకవలయును.

ఇంత చదివినపిమ్మట కల్పన చేయరాదా యని అడుగుదురేమో. చేయవచ్చును, ఆటకు కల్పన ప్రాణము. అయితే వ్రాతపుస్తకమున రెండు వరుసలు గీయుడు. ఒకదానిలో చరిత్రము, రెండవదానిలో మీరు కల్పించినది వ్రాయుడు. గూఢచారులు జపానున నుండిరనునది మొదటి వరుసలోనిది. వారు నల్లని దుస్తులలోనే తిరిగిరనునది తరువాతి నాటకములవలనను చిత్రములవలనను వ్యాపించిన రూపము. కావున అది రెండవ వరుసలోనిది. ఈ వరుసలు కలిసిపోయినచో ఆటగాండ్రు అబద్ధమును నిజమని ఇంటికి తీసికొనిపోదురు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డలు పాచికలతో కూర్చుండగా కాలము వ్యర్థమగుచున్నదని వెంటనే కసరకుడు. మీ కథ యే సంవత్సరమున నడచుచున్నది, ఆ యూరివారేమి తినుచున్నారని అడుగుడు. బదులు చెప్పగలిగిరేని వారు చదువుచున్నారనియే యెఱుగుడు.

విద్యార్థులారా! జపాను చరిత్రమును పరిశోధించిన చూపుతోనే మానేటి యొడ్డున నున్న ఎలగందుల కోటను, నిర్మల బొమ్మలు చేయువారి వీథిని, గోండుగూడెములను చూచి, వీనిని గూర్చియు ఆటలు రచింపుడు. అన్యుల పూర్వులను గూర్చి మనమెంత శ్రద్ధతో వ్రాయుదుమో, మన పూర్వులను గూర్చి వ్రాయుమని అన్యులను అంత శ్రద్ధయే అడుగుటకు మనకు అధికారము కలుగును.