పట్టణం నుండి పల్లెకు: లాభనష్టాల విచారణ

పట్టభద్రుడైన యువకుడు పల్లెకు వెళ్లి స్థిరపడతానంటే ఇంటివారు రెండు విధాలుగా మాట్లాడటం మనం వింటూనే ఉంటాం. "ఇంత చదివించింది మళ్లీ నాగలి పట్టడానికా?" అని కొందరు నిట్టూరుస్తారు. "పల్లెలో ఏమి తక్కువ? మంచి గాలి, మంచి తిండి, అయినవారి అండ" అని మరికొందరు వెన్ను తడతారు. మొదటి మాటలో పల్లె పట్ల చిన్నచూపు ఉంది. రెండవ మాటలో లెక్క చూడని మమకారం ఉంది. ఈ రెండింటిలో దేనిని నమ్మి అడుగు వేసినా నష్టపోయేది ఆ కుటుంబమే.

కావున పల్లెకు మారే కుటుంబం ఏమి పొందుతుంది, ఏమి కోల్పోతుంది, ఏయే పరిస్థితులలో లాభం నష్టాన్ని మించుతుంది అనే విషయాన్ని ఈ వ్యాసంలో విచారించదలచాం. వ్యాపారి తన పుస్తకంలో జమాఖర్చులు వేరువేరుగా రాసుకున్నట్లే మేమూ రెండు పక్షాలనూ వేరువేరుగా పరిశీలిస్తాం. ఉదాహరణలను ఎక్కువగా తెలంగాణ ప్రాంతం నుండే స్వీకరించాం. మన విద్యార్థులలో పలువురు పల్లెల నుండి వచ్చినవారే గనుక ఈ ప్రశ్న నేడో రేపో వారి ఎదుట నిలువక తప్పదు.

వలసల నేపథ్యం

1901లో మన దేశ జనాభాలో పట్టణవాసులు నూటికి 11 మంది మాత్రమే. 2011 జనగణన నాటికి వారు నూటికి 31 మంది అయినారు. తెలంగాణ జిల్లాలను మాత్రమే లెక్కిస్తే ఆ సంఖ్య 39కి చేరుతుంది. వర్షాధారపు చెల్కలు, చీలిపోయిన కమతాలు, తీరని అప్పులు జనాన్ని పల్లె నుండి నెట్టినాయి. కూలి, కొలువు, చదువు వారిని పట్టణానికి లాగినాయి. పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టల నిర్మాణంలో చెమటోడ్చినారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వారు గల్ఫ్ దేశాలకు తరలినారు.

ఈ ప్రవాహం ఒక్కసారిగా వెనుకకు తిరిగిన సందర్భం 2020. ఆ సంవత్సరం మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలు కాగా, పని పోయిన కూలీలు వందల మైళ్లు నడిచి స్వగ్రామాలు చేరినారు. అయితే వారిలో అనేకులు ఆంక్షలు సడలగానే మళ్లీ పట్టణాల దారి పట్టినారు. ఆపదలో పల్లె వారికి నీడనిచ్చింది గాని నెలనెలా జీతమియ్యలేకపోయింది. ఈ విచారణకు ఇదే మొదటి పాఠం.

జమా పక్షం

మొదటి లాభం ఖర్చు తగ్గుదల. పట్టణంలో సామాన్య ఉద్యోగి జీతంలో పెద్ద భాగం ఇంటి కిరాయికే పోతుంది. పల్లెలో తాతలనాటి ఇల్లు ఉన్నవానికి ఆ భారం లేదు. పెరటి కూర, ఇంటి పాడి తోడైతే బజారు ఖర్చు మరికొంత తగ్గుతుంది. రెండవది సమయం. రోజూ బస్సులలో కరిగిపోయే రెండు మూడు గంటలు పనికో, పిల్లల చదువుకో, విశ్రాంతికో మిగులుతాయి. మూడవది వృద్ధులైన తల్లిదండ్రుల సాంగత్యం. దీనికి రూపాయలలో వెల కట్టలేము గాని లెక్కలో చేర్చకుండా ఉండనూలేము.

నాలుగవది, పల్లెలో వసతులు మునుపటివలె లేవు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల విద్యుత్తు సరఫరా ప్రారంభమైంది. ఫ్లోరైడు నీటితో తరతరాలు బాధపడిన నల్లగొండ పల్లెలకు, 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు అందనారంభించినాయి. సెల్‌ఫోను చేరని ఊరు అరుదు. పూర్వం పట్టణంలోనే సాధ్యమైన లెక్కల పని, అనువాదం, బోధన వంటివి నేడు ఊరిలో కూర్చుండి కూడా కొంతవరకు చేయవచ్చును. సేద్యం కాని వృత్తులకూ పల్లెలో చోటుంది. ఇక్కత్ చేనేతకు పేరొందిన భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది.

ఖర్చు పక్షం

ఇక రెండవ పక్షాన్ని చూద్దాం. "భూమి ఉంది, బతుకు గడవదా?" అనే మాటను అంకెలతో పరీక్షించాలి. వ్యవసాయ గణన ప్రకారం 1970-71లో మన దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు, అనగా సుమారు రెండున్నర ఎకరాలకు కుదించుకుపోయింది. ఆ రెండున్నర ఎకరాలకూ నీరు ఉందనుకుందాం. ఎకరాకు 25 క్వింటాళ్ల వరి పండిందనుకుందాం. 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన ఒక పంటకు వచ్చేది 1,43,750 రూపాయలు. దున్నకం, విత్తనం, నాటు, ఎరువు, కోత ఖర్చులకు సగం పోయిందనుకుంటే మిగిలేది 71,875. ఆరు నెలలకు పంచితే నెలకు పన్నెండు వేలకు లోపే. వాన తప్పకుండా, తెగులు రాకుండా, రెండు పంటలూ చేతికి వచ్చినప్పటి మాట ఇది. భూమి కౌలుదైతే మిగులులో కౌలు కూడా పోతుంది. సొంత భూమి ఉన్నవానికి ఇది ఆధారమే గాని, కుటుంబ భారమంతా దానిపైనే మోపడం క్షేమం కాదు.

రెండవ నష్టం వైద్యం దూరం కావడం. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతాలలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. నిపుణులైన వైద్యులను నియమించదలచినది ఈ మూడవ అంతస్తులోనే. అనగా ప్రమాణాలన్నీ పూర్తిగా అమలైనా, గుండెనొప్పి వచ్చినవానికీ, కాన్పు కష్టమైన ఇల్లాలికీ నిపుణుడు సొంత ఊరిలో దొరకడు. 2005లో మొదలైన 108 వాహన సేవ ఈ దూరాన్ని తగ్గించిందే గాని తొలగించలేదు. ఇంటిలో దీర్ఘరోగి ఉన్నవారు ఈ విషయాన్ని అన్నిటికంటె ముందు తలచుకోవాలి.

మూడవది పిల్లల చదువు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టపు నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపల, ఎనిమిదవ తరగతి వరకు చదువు మూడు కిలోమీటర్ల లోపల లభించాలి. ఆ పైచదువుకు దూరం పెరుగుతుంది. బస్సు సరిగా రాని ఊరిలో ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల చదువే. మాతృభాష ఉర్దూ అయిన కుటుంబానికి మరొక చిక్కు ఉంది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. కాని చట్టంలో హోదా వేరు, బడిలో ఉపాధ్యాయుడు వేరు. పది ఇళ్లు మాత్రమే ఉర్దూ మాట్లాడే ఊరిలో పిల్లలకు ఆ లిపిని నేర్పే బాధ్యత తల్లిదండ్రుల మీదనే పడుతుంది.

నాలుగవ నష్టాన్ని సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పల్లెకు మారాలనే ఉత్సాహం తరచుగా ఇంటి యజమానిది. ఆ మార్పు బరువు అధికంగా మోసేది ఇల్లాలు. పట్టణంలో ఆమెకు ఉద్యోగమో, కుట్టుపనో, స్నేహితురాళ్లో ఉండవచ్చు. పల్లెలో వాటిని విడిచి, పొయ్యి పనికి తోడు పశువుల పనిని కూడా ఎత్తుకోవలసి వస్తుంది. పైగా చిన్న ఊరిలో ప్రతి అడుగునూ పదిమంది గమనిస్తారు. అండగా నిలిచే ఆ పదిమందే అడ్డుగా కూడా నిలువగలరు. కులం, వర్గం, గ్రామ రాజకీయాలు కొత్తగా వచ్చినవారిని ఏదో ఒక పక్షానికి లాగకమానవు.

రెండు ఉదాహరణలు

ఇరుపక్షాలనూ తూచడానికి రెండు ఉదాహరణలు తోడ్పడతాయి. మొదటిది సేవాగ్రాం. 1936లో గాంధీజీ వార్ధా పట్టణం విడిచి సమీపంలోని సేగాఁవ్ అనే పల్లెకు నివాసం మార్చినారు. ఆ సంవత్సరమే ఆయనకు మలేరియా సోకగా వార్ధా ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. ఎంతటివారైనా పల్లె నీటికీ, దోమకూ లోబడినవారే. అయితే అక్కడికి వెళ్లినవారు ఊరి కష్టాన్ని చూచి మరలిపోలేదు. ఆశ్రమం అనంతరం ఆసుపత్రి వెలిసింది. 1969లో అదే సేవాగ్రాంలో వైద్య కళాశాల స్థాపితమైంది. వలస వచ్చినవారు తమ విద్యను వెంట తెచ్చుకున్నందున ఊరికి ఆ మేలు కలిగింది.

రెండవది మన సమీపంలోని ముల్కనూరు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరిలో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి నాయకత్వాన రైతులు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘాన్ని ఏర్పరచుకున్నారు. సభ్యునికి అప్పు ఇవ్వడం, విత్తనం ఎరువులు అందించడం, పండిన పంటను కొనడం అన్నీ ఆ సంఘమే చూచుకుంది. తరువాత ఆ ప్రాంతపు మహిళలు సొంతంగా పాల సహకార సంఘాన్ని నెలకొల్పుకున్నారు. ఒంటరి రైతు రెండున్నర ఎకరాలు ఇవ్వలేని భద్రతను పదిమంది కూడిన సంఘం ఇవ్వగలదని ముల్కనూరు నిరూపించింది. అక్కడ సేద్యం ఎంత అవసరమో, లెక్కలు సరిగా రాయగల మనిషి కూడా అంతే అవసరం.

పట్టణ వసతులను పల్లెకు చేర్చాలని డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు 'పుర' అనే పథకాన్ని ప్రతిపాదించినారు. రోడ్డు, సమాచార సాధనాలు, జ్ఞానం, ఆర్థిక అవకాశం అనే నాలుగు బంధాలు కలిస్తేనే పల్లె నిలుస్తుందని ఆయన భావం. వీటిలో మొదటి రెండింటిని ప్రభుత్వం సమకూర్చగలదు. మిగిలిన రెండింటికి మనుషులు కావాలి.

నిర్ణయానికి ముందు

పై విషయాలను బట్టి, పల్లెకు మారదలచిన కుటుంబం ఈ క్రింది ప్రశ్నలకు సమాధానం రాసుకోవడం అవసరమని మా అభిప్రాయం.

1. సేద్యం కాక, ఊరికి పనికివచ్చే విద్య ఏదైనా మన చేతిలో ఉన్నదా? మోటారు మరమ్మతు, పశువైద్యం, ఔషధ విక్రయం, బోధన, లెక్కల పని, ఏదైనా కావచ్చు.

2. ఒక సంవత్సరం పంట పోయినా ఇల్లు గడిచే నిలువ ఉన్నదా?

3. ఆసుపత్రి, ఉన్నత పాఠశాల ఎంత దూరం? రాత్రివేళ వాహనం దొరుకుతుందా?

4. తాగునీరు, బోరు నీరు పరీక్ష చేయించామా?

5. భూమి పత్రాలు సవ్యంగా ఉన్నవా? తెలంగాణలో భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారినాయి. పట్టాదారు పాసుపుస్తకం, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, భూమి మీద వాస్తవంగా ఉన్న కబ్జా, ఈ మూడూ సరిపోలనిదే సొమ్ము చెల్లించరాదు.

6. ఇల్లాలూ, ఎదిగిన పిల్లలూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా?

ఆరవ ప్రశ్నకు 'లేదు' అని సమాధానం వస్తే మిగిలిన అయిదింటికీ 'అవును' వచ్చినా ప్రయాణం ఆపుకోవడమే వివేకం. అన్నిటికీ అనుకూలమైన సమాధానం వచ్చినా పట్టణంలోని ఆధారాన్ని ఒక్కసారే తెంచుకోరాదు. వానాకాలం, యాసంగి, ఎండాకాలం మూడూ అనుభవానికి వచ్చేటట్లు ఒక పూర్తి సంవత్సరం కిరాయి ఇంటిలోనో, బంధువుల ఇంటిలోనో ఉండి చూడాలి. పంట కోతల నాడు చూచిన పల్లె వేరు, బోరు ఎండిన వైశాఖంలో చూచే పల్లె వేరు.

ముగింపు

పట్టణంలో ఓడిపోయి తలదాచుకోవడానికి వెళ్లేవానికి పల్లె కొన్నాళ్లు మాత్రమే ఆశ్రయమిస్తుంది. ఊరికి లోటుగా ఉన్న పనిని నేర్చుకుని వెళ్లేవానికి అది స్థిరమైన జీవనమిస్తుంది. అందరూ పల్లెకు పోవాలని మేము అనము. వెళ్లనివారు స్వార్థపరులని కూడా అనము. తల్లి మందుల కోసం పట్టణంలో నిలిచిపోయిన కుమారుడూ, తల్లి ఒంటరితనం చూడలేక ఊరు చేరిన కుమారుడూ, ఇద్దరూ ధర్మం తప్పనివారే. లెక్క చూచుకోకుండా వెళ్లడం, లెక్క చూడకుండానే పల్లెను తోసిపుచ్చడం, ఈ రెండే అనుచితం.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. సెలవులలో విద్యార్థులు తమ తమ ఊళ్లలో బడి దూరం, ఆసుపత్రి దూరం, నీటి స్థితి, ఊరిలో లోటుగా ఉన్న వృత్తులు నమోదు చేసి తెచ్చేటట్లు ఏర్పాటు చేస్తే, రెండు మూడు సంవత్సరాలలో మన గ్రంథాలయంలో ఒక ఉపయోగకరమైన వివరపట్టిక సిద్ధమవుతుంది. దానిని ఉర్దూ, తెలుగు రెండు భాషలలోనూ ఉంచితే తల్లిదండ్రులు సైతం చదువుకోగలరు. సోదర విద్యార్థులు ఈ సెలవులలో ఊరికి వెళ్లినప్పుడు, పై ఆరు ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని తమ ఇంటి పెద్దలతోనూ, ముఖ్యంగా తల్లులతోనూ అక్కచెల్లెండ్రతోనూ కలసి చర్చించవలసిందిగా కోరుతున్నాం.