రాయి పేరు చాలదు, రాయిని కొలవాలి

తుమ్మలపల్లెలో భూగర్భ గని ఉంది కదా, అక్కడే ఒక న్యూట్రినో ప్రయోగం పెట్టొచ్చుగా? కడప, కర్నూలు వాళ్లకు రావాల్సిన ప్రశ్నే. నేను లెక్క వేసి చూశాను.

వెతికేది ఏమిటి?
జర్మేనియం-76 కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారి, న్యూట్రినోలు లేకుండా రెండు ఎలక్ట్రాన్లనే వదలాలి. అది కనిపిస్తే న్యూట్రినో తనకు తానే ప్రతికణమని తేలుతుంది. అర్ధ జీవితకాలం 10²⁶ ఏళ్లు అనుకున్నా, 100 కిలోల జర్మేనియం-76లో ఏడాదికి ఐదారు విఘటనాలే జరుగుతాయి. మన ఒంట్లోని పొటాషియం-40లో సెకనుకే సుమారు నాలుగు వేలు జరుగుతాయి!

అడ్డం వచ్చేవి
పైనుంచి వచ్చే మ్యూయాన్లను కొండ ఆపుతుంది. ఇటలీలోని గ్రాన్ సాసోలో 1400 మీటర్ల రాయి వాటిని పది లక్షల వంతుకు తగ్గిస్తుంది. కానీ రాయి కూడా ఊరుకోదు. అందులోని యురేనియం, థోరియం గొలుసుల్లో పుట్టే బిస్మత్-214 నుంచి 2204, థాలియం-208 నుంచి 2615 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామాలు వస్తాయి. మనం చూడాల్సిన గీత 2039 దగ్గర. ఈ గామాలు డిటెక్టర్లో కొంత శక్తే వదిలి బయటికి పోతే, సరిగ్గా అక్కడే పడొచ్చు.

గ్రాన్ సాసోదీ సున్నపురాయి, డోలమైటే. తుమ్మలపల్లె ఖనిజం ఉన్నదీ డోలమైట్ రాతిలోనే. కానీ ఇక్కడి ఖనిజంలో యురేనియం ఆక్సైడ్ 0.04 శాతం దరిదాపు. అంటే కిలో ఖనిజంలో యురేనియం-238 ఒక్కటే సెకనుకు నాలుగు వేల విఘటనాలు!

లెక్క ఎలా కడతారు?
రాతి నమూనాలు, సీసం, రాగి, చివరికి కేబుల్ ముక్క కూడా కొలుస్తారు. ఆ అంకెలను జియాంట్4 సిమ్యులేషన్‌కు ఇచ్చి, ఏ వస్తువు నుంచి ఏ శక్తి దగ్గర ఎన్ని లెక్కలు పడతాయో చూస్తారు. గాలిలోని రేడాన్‌ను వేరుగా కలుపుతారు. ఆ మొత్తం అసలు స్పెక్ట్రంతో సరిపోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, మనక్కావాల్సిన చోట బ్యాక్‌గ్రౌండ్ ఏడాదికి 100 ఉంటే, అది దానంతట అదే 10 అటూ ఇటూ ఊగుతుంది. మన ఐదారు అందులో మునిగిపోతాయి. బ్యాక్‌గ్రౌండ్ 1 అయితే అవే ఐదారు స్పష్టంగా లేచి నిలబడతాయి.

మరి జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ప్రయోగశాల ఎలా ఉంది? గని అంతా ఖనిజం కాదు కాబట్టి. అక్కడ గామాలు, న్యూట్రాన్లు, మ్యూయాన్లు కొలిచారు. కాబట్టి తుమ్మలపల్లె విషయంలోనూ ఖనిజపు పొర పక్కన అయితే వద్దనాలి. దూరంగా అయితే ముందు కొలవాలి. లేకపోతే మన కడప రాతి గామానే న్యూట్రినో రహస్యమని ప్రకటించేస్తాం.