పొలం ఏటీవీ పంచాయతీ రోడ్డెక్కితే

ప్రశ్న: మాకు మామిడితోట ఉంది. కాయల బుట్టలు, మందు డబ్బాలు మోసుకోవడానికి నాలుగు చక్రాల ఏటీవీ (ఆల్ టెరైన్ వెహికల్) కొన్నాను. ఇంటికీ తోటకీ మధ్య అర కిలోమీటరు పంచాయతీ రోడ్డు ఉంది. మొన్న పోలీసులు ఆపి, నంబరు లేదని బండి సీజ్ చేశారు. ‘పొలం బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని అమ్మినాయన చెప్పాడు. మా అబ్బాయికి పదిహేనేళ్లు, వాడు కూడా తోలుతుంటాడు. మాకు ఏ హక్కూ లేదా?
– ఒక రైతు

జవాబు: అమ్మినాయన సగం మాటే చెప్పాడు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని పబ్లిక్ ప్లేసులోనే కాదు, మరెక్కడా నడపకూడదు. మీ ఏటీవీ ఈ నిబంధన నుంచి తప్పించుకోవాలంటే అసలు అది ‘మోటారు వాహనం’ నిర్వచనంలోకే రాకూడదు. రోడ్డు మీద వాడకానికి అనువైన యాంత్రిక వాహనమే మోటారు వాహనమని సెక్షన్ 2(28) చెబుతుంది. ఫ్యాక్టరీలోనో, మరో ప్రహరీ లోపలి ఆవరణలోనో మాత్రమే వాడేలా చేసిన ప్రత్యేక బండిని మినహాయిస్తుంది. ఏటీవీ అమ్మేవాళ్లు చాలామంది ఆశ్రయించేది ఈ సందునే. ‘రోడ్డు వాడకానికి కాదు’ అని బిల్లు మీద చిన్న అక్షరాల్లో రాసేది కూడా అందుకే. మీ బిల్లు మరోసారి తీసి చూడండి.

ఆ మినహాయింపు కంచె లోపలికే. రోజూ రోడ్డెక్కే బండిని ‘ఆవరణలో మాత్రమే వాడేది’ అని ఏ కోర్టులోనూ నిలబెట్టలేరు. దూరం అర కిలోమీటరా, అడ్డంగా దాటే పది గజాలా అన్న తేడా చట్టంలో లేదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ రోడ్డయినా, దారి అయినా సెక్షన్ 2(34) కింద పబ్లిక్ ప్లేసే. పంచాయతీ వేసిన మట్టిబాట కూడా అంతే.

లోపలికీ బయటికీ మధ్య గీత ఎంత ముఖ్యమో విశాఖ ఉక్కు కర్మాగారం కేసు చూస్తే తెలుస్తుంది. ప్లాంటులోని సెంట్రల్ డిస్పాచ్ యార్డులో సరుకు ఎత్తి దించే కాంట్రాక్టు తీసుకున్న తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ సంస్థ అక్కడ 36 వాహనాలు వాడింది. వాటికి మోటారు వాహన పన్ను కట్టాలని రవాణా శాఖ అడిగింది. చుట్టూ గోడ కట్టి, సీఐఎస్‌ఎఫ్ కాపలా పెట్టి, అనుమతి లేనివారిని రానివ్వని ఆ యార్డు పబ్లిక్ ప్లేసు కాదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పబ్లిక్ రోడ్లు వాడనప్పుడు ఆ పన్ను వర్తించదని తేల్చింది. అయితే ఆ తీర్పు పన్ను గురించి. దాన్ని చూపించి నంబరు లేని బండిని రోడ్డెక్కించడం కుదరదు.

ఇక శిక్షలు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి రూ.2,000కు తగ్గకుండా రూ.5,000 దాకా జరిమానా. ఇన్సూరెన్స్ లేనందుకు సెక్షన్ 196 కింద మొదటిసారి రూ.2,000 జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఇవి చట్టంలోని అంకెలు. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టే కాంపౌండింగ్ రుసుమును ఆయా రాష్ట్రాలు నిర్ణయిస్తాయి.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలోని చివరి సంగతి. పదిహేనేళ్ల పిల్లవాడు రోడ్డు మీద ఆ బండితో పట్టుబడితే సెక్షన్ 199ఏ కింద నేరం తల్లిదండ్రులది. మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా. అబ్బాయికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఏటీవీ బరువైన బండి. వాలులో, మలుపులో తిరగబడితే మీద పడుతుంది. తాళంచెవి ఈరోజే మీ దగ్గర పెట్టుకోండి.

ఎవరికైనా తగిలితే పరిస్థితి ఇంకా కష్టం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కంపెనీ కడుతుంది. లేకపోతే యజమానే కట్టాలి. సెక్షన్ 164 ప్రకారం తప్పు ఎవరిదని నిరూపించనక్కర్లేకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు ఇవ్వాలి. అంత డబ్బుకు తోటే అమ్ముకోవాల్సి రావచ్చు. ఇలాంటి బండి గుద్దిన బాధితులు కూడా ‘నంబరే లేదు, ఎవరిని అడుగుతాం’ అని ఊరుకోవద్దు. యజమాని మీదే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

మరి ఏటీవీని చట్టబద్ధంగా రోడ్డెక్కించే దారే లేదా అంటే, ఉంది. అది కొనకముందు చూసుకోవాల్సిన దారి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126వ నియమం కింద ఆ మోడల్‌ను పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలో తయారీదారు పరీక్ష చేయించి ఉండాలి. అలాంటి బండికి ఫారం 21 అనే అమ్మకపు సర్టిఫికెట్, ఫారం 22 అనే రోడ్డు యోగ్యతా సర్టిఫికెట్ ఇస్తారు. ఈ రెండూ లేని బండికి ఏ ఆర్టీఓ కార్యాలయంలోనూ నంబరు రాదు. ‘ఇప్పిస్తాం’ అనే ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. పొలారిస్ సంస్థ స్పోర్ట్స్‌మన్ 570 ఏటీవీని మన దేశంలో ట్రాక్టరు తరగతిలో ఆమోదం పొంది అమ్మింది. కాబట్టి ఏటీవీ అన్నంత మాత్రాన తలుపులు మూసుకుపోలేదు. ‘క్వాడ్రిసైకిల్ కింద రిజిస్ట్రేషన్ అయిపోతుంది’ అన్న మాట మాత్రం నమ్మకండి. బజాజ్ క్యూట్ లాంటి పైకప్పున్న చిన్న బండ్ల తరగతి అది.

సీజ్ చేసిన బండి సంగతి. సెక్షన్ 207 పోలీసులకు ఆ అధికారం ఇచ్చింది, దాన్ని భద్రంగా ఉంచే బాధ్యత కూడా పెట్టింది. రసీదు అడిగి తీసుకోండి. అద్దాలు, టైర్లు, ఉన్న గీతలు కనబడేలా ఫోటోలు తీసుకోండి. బిల్లు, ఆధార్‌తో విడుదలకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 503వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయవచ్చు. విడుదలయ్యాక తోలుకుంటూ మాత్రం రాకండి, ఆటో ట్రాలీలో వేసుకురండి.

అమ్మినాయన మీద కూడా మీకు దారి ఉంది. రోడ్డు మీద తిరిగేందుకే కొంటున్నానని మీరు చెప్పాక ఆయన ‘రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని ఉంటే అది తప్పుదోవ పట్టించడమే. వాట్సాప్ మెసేజిలు, బిల్లు, డబ్బు పంపిన రుజువులు చెరిపేయకండి. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద మీ సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కేసు వేయకముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ మధ్యవర్తిత్వం చేస్తుంది. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.