రాగిరేకులూ, మిద్దెమీది సర్వరూ

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరం చదివాను. ఫొటోలు, మెయిలు, ఫైళ్ళు అన్నీ పెద్ద కంపెనీల దగ్గర్నుంచి తీసేసి, పాత ల్యాప్‌టాప్‌కు డెబియన్ లినక్స్ ఎక్కించి, దాన్ని మిద్దెమీది గదిలో పెట్టి ఇంటిల్లిపాదికీ నువ్వే సర్వర్ నడుపుతానన్నావు. ‘మన డేటా మన ఇంట్లో’ అన్న మాట కింద గీత గీసి మరీ రాశావు. వద్దనడానికి ఈ జాబు రాయడం లేదు. ఆ గీత తప్పుచోట గీశావని చెప్పడానికి రాస్తున్నాను. వస్తువు ఎవరింట్లో ఉందన్నది మూడో ప్రశ్న. అది ఏ లిపిలో ఉంది, దాని రెండో నకలు ఎక్కడుంది అన్నవి దానికంటే ముందు అడగాలి.

దీనికి సాక్ష్యం కోసం నువ్వు దూరం పోనక్కర్లేదు, తలెత్తి తిరుమల కొండవైపు చూస్తే చాలు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు (1408–1503) ముప్ఫైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడి లోపలే, హుండీకి ఎదురుగా ఉన్న రాతి అరలో భద్రపరిచారు. నీ మాటల్లో చెప్పాలంటే ఇంతకు మించిన సెల్ఫ్ హోస్టింగ్ ఇంకోటి లేదు. సొంత చోటు, తుప్పుకు లొంగని లోహం, నెలనెలా ఎవరికీ అద్దె కట్టనక్కర్లేదు. మరి ఏమైంది? తరాలు గడిచేకొద్దీ అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రేకుల మీద పద్యాలున్నాయని విన్న ఎ.డి.క్యాంప్‌బెల్ దొర వాటిని వెతికించి, ఒక్క వ్యాకరణ గ్రంథం తప్ప మిగతావన్నీ స్తోత్రాలేనని తేల్చుకుని, 1816లో అచ్చయిన తన వ్యాకరణం ముందుమాటలో ఆ ముక్క రాసి ఊరుకున్నాడు. ఆయనకు కావలసింది వేరే! ఆ తర్వాత ఇంకో వందేళ్ళు గడిచాక గానీ ఆ అరకు మంచిరోజులు రాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో దేవస్థానం పూనుకుంటే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు రేకు రేకూ చదివి అచ్చుకెక్కించారు. దొరికినవి పన్నెండు, పద్నాలుగు వేల నడుమ అంటారు. మిగతావాటికి రెండో నకలు లేదు.

ఆ రేకు నెత్తిన ఏముందో రవంత దగ్గరగా చూడు. సామంతం, ముఖారి, బౌళి అంటూ రాగం పేరు ఉంటుంది. దాని కింద సాహిత్యం. అంతే, స్వరం లేదు. అక్షరం ఊరందరి లిపి కాబట్టి నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా పండితులు కూర్చుని చదవగలిగారు. బాణీ మాత్రం పాడేవాళ్ళ గొంతుల్లో ఉండింది, ఆ గొంతులతోనే పోయింది. ఇవాళ మనం వినే వరుసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. దొరికిన రాగి చెక్కుచెదరలేదు, గుడి చెక్కుచెదరలేదు. రాసిపెట్టనిదీ, నకలు తీయనిదీ దక్కలేదు.

ఇప్పుడు కొండ దిగి బజారుకు రా. ఇరవై ఏళ్ళ కిందట పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పెళ్ళిపత్రిక ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే, పైన ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. ఎందుకంటే ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తలకట్టునూ, దీర్ఘాన్నీ, వొత్తునూ ముక్కలు ముక్కలుగా కూర్చాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకు కాదు. ప్రతి లిపికీ దాని సొంత గళ్ళిచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్లోనే, 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. అయినా అచ్చురంగం ఆ పాత బాట వదలడానికి దశాబ్దాలు పట్టింది, ఇంకా పూర్తిగా వదల్లేదు కూడా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిందంటే నువ్వు నవ్వుతావు గానీ, దాని మీదే రోజు గడుపుకునే అంగళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ పనితనాన్ని తక్కువ చేయను. తెలుగు అచ్చు అందం కంప్యూటరుకు వచ్చింది ఆ రకం ఫాంట్ల వల్లే. కానీ ఆ దారిలో కంపోజయిన స్థలపురాణాలు, కవితా సంపుటాలు, కరపత్రాలు ఒక్క మాట కోసం వెతకడానికి కూడా వీలు కాకుండా పడున్నాయి. వాటిని ఏ విదేశీ కంపెనీ లాక్కుపోలేదు అల్లుడూ. అన్నీ సొంతదారు అంగట్లో, సొంత హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి. ఇంట్లోనే ఉండి చేజారాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరిదే. శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఒక యూనికోడ్ ఫాంటు ఉంది, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు. ఎవరైనా దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. చేసినవాళ్ళు రేపు వేరే పని చూసుకున్నా దాంతో రాసిన అక్షరం అక్షరంగానే ఉంటుంది, ఇంకో ఫాంటులోనూ తెరుచుకుంటుంది. ఓపెన్ సోర్సులో నాకు జాస్తి నచ్చేది ఈ గుణమే. ఉచితం అన్న మాట దానికి అతికించిన చీటీ మాత్రమే.

‘అయితే పెద్ద కంపెనీల దగ్గరే ఉంచమంటావా మామా?’ అంటావు. అట్లా అనలేదు. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి. ఏళ్ళ తరబడి అక్కడ సాహిత్యం మీద వాదులాడుకున్న తెలుగువాళ్ళు ఎవరి మాటలు వాళ్ళు మూటగట్టుకోవాల్సి వచ్చింది. తెలుగులో కూతపెట్టమని పిలిచిన సోషల్ మీడియా యాప్ ‘కూ’ 2024 జులైలో ఆగిపోయింది. 2025 జులైలో యూరప్ ఆంక్షల పేరు చెప్పి గుజరాత్ రిఫైనరీ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపితే, ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. సేవలు తిరిగి వచ్చాయనుకో. డబ్బు కట్టిన రిఫైనరీకే అంత అయితే, ఫ్రీ ఖాతా ఉన్న మీ అమ్మ గతేమిటన్న నీ భయం ఉత్తుత్తిది కాదు.

టీ అంగడి దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: మన దేశపు కంపెనీ ఉంది కదా, జోహో రేణిగుంటలోనే ఆఫీసు పెట్టింది కదా, అది వాడితే సరి. 2025లో జోహో వాళ్ళ అరట్టై యాప్ కోసం జనం ఎగబడ్డారు, సుమారు 12 లక్షల ప్రభుత్వ మెయిల్ ఖాతాలు జోహోకు మారాయి. మన పిల్లలకు ఊరి దగ్గరే ఉద్యోగాలు వస్తే నాకూ సంతోషమే. ఆంక్షల విషయంలో మన చట్టం కింద ఉన్న కంపెనీ మేలన్నదీ నిజమే. కానీ స్వదేశీ వేరు, స్వాధీనం వేరు. ‘కూ’ కూడా బెంగళూరుదే. తాళం బయట దేశంలో ఉన్నా పక్క ఊళ్ళో ఉన్నా, అది నీ చేతిలో లేనప్పుడు అడగాల్సింది ఒక్కటే: నా సామాను మొత్తం, ఇంకోచోట పనికొచ్చే రూపంలో, నేను అడిగిన రోజు కట్టి ఇస్తావా? ఇస్తామన్న కంపెనీ ఏ దేశానిదైనా వాడుకో. నీళ్ళు నమిలితే పక్కింటివాళ్ళదైనా నమ్మకు.

ఇక నీ మిద్దెమీది సర్వరు. ల్యాప్‌టాప్ 20 వాట్లు తిన్నదనుకుంటే నెలకు 14 యూనిట్ల పైచిలుకు, పెద్ద భారమేం కాదు. కరెంటు పోతే దాని బ్యాటరీయే యూపీఎస్ అవుతుంది. కానీ తిరుపతి మే నెలలో, రేకుల గదిలో, రాత్రింబగళ్ళు ఛార్జింగు మీద ఉన్న బ్యాటరీ ఉబ్బవచ్చు. కింది గదిలోకి తెచ్చుకో. రెండోది, ఇళ్ళకిచ్చే చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు, ఒకే అడ్రసును ఎందరికో పంచుతారు. బయటినుంచి నీ ఇంటికి దారి కావాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేసి, దాని రెండో కొస కోసం ఎక్కడో ఒక సర్వరు అద్దెకు తీసుకోవాలి. అంటే ‘మన ఇంట్లో’ అన్నమాట అప్పుడే సగం కరిగింది. మెయిలు జోలికి మాత్రం పోవద్దు. ఇంటి అడ్రసుల నుంచి వచ్చే ఉత్తరాలను పెద్ద సర్వర్లు స్పామ్ కింద తోసేస్తాయి, కాలేజీ వాళ్ళు పంపింది నీకు రాలేదో, నువ్వు పంపింది వాళ్ళకు చేరలేదో తెలియక చస్తావు. దానికి బదులు సొంత పేరుతో ఒక డొమైన్ కొనుక్కో. మెయిలు ఎవరు నడిపినా చిరునామా నీదిగా ఉంటుంది, రేపు ఇంకొకరి దగ్గరికి మార్చుకోవచ్చు.

ఓపెన్ సోర్సయితే పదిమంది కళ్ళుంటాయి, కాబట్టి క్షేమం అని రాశావు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ సంగతి చదివే ఉంటావు. ఒకడు ఏళ్ళ తరబడి మంచివాడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, ప్రపంచమంతా వాడే చిన్న సాఫ్ట్‌వేర్లో దొంగదారి పెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను జాస్తి పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూస్తే దొరికింది. మూలం తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగాడు, అది నిజం. ఆ రోజు ఆయనకు అంత ఓపిక లేకపోతే? కళ్ళున్నాయని తెలిసినంత మాత్రాన ఎవరో చూస్తున్నారని కాదు. నువ్వు అప్‌డేట్లు వేయని సర్వరు కంటే శ్రద్ధగా నడిపే అద్దె సర్వరే భద్రం. పరీక్షల నెలలో నువ్వు అప్‌డేట్లు వేస్తావో లేదో నీకే తెలియాలి.

ఫొటోల కోసం ఇమ్మిచ్ పెడతానన్నావు, మంచిదే. దాని తయారీదార్లే తమను ఒక్కళ్ళనే నమ్ముకోవద్దని, మూడు నకళ్ళు, రెండు రకాల నిల్వ, అందులో ఒకటి ఇంటి బయట ఉంచుకోమని మొదటి పేజీలోనే హెచ్చరిస్తారు. తాళ్ళపాకవాళ్ళ రాతి అర విషయంలో ఇది చెప్పేవాళ్ళు లేకపోయారు. నువ్వు హైదరాబాదులో ఉద్యోగానికి పోయాక సర్వరు ఆగితే, మీ అమ్మ తన పెళ్ళి ఫొటో చూసుకోగలదా? నువ్వు రాసిపెట్టని పాస్‌వర్డు ఆ రేకు మీద లేని స్వరం లాంటిదే. ఇంకోమాట, సిగ్నల్ యాప్ వాడని వాళ్ళనూ, జీమెయిల్ వదలని వాళ్ళనూ చూసి ముఖం చిట్లించకు. మీ నాయన వాట్సాప్‌లో ఉన్నది తెలివితక్కువై కాదు, బంధువులంతా అక్కడున్నారు కాబట్టి.

ఈ సెలవుల్లో చేయాల్సిన పని ఒక్కటే చెప్తాను. ఫొటోలు మామూలు జేపెగ్ ఫైళ్ళుగా, రాతలు యూనికోడ్‌లో, రెండు డిస్కులకు ఎక్కించు. ఒకటి చిత్తూరులో మా బీరువాలో పెట్టుకుంటాను, పంపు. ఏది ఎక్కడుందో, ఎట్లా తెరవాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి మీ అమ్మకివ్వు. ఆ కాగితం చూసుకుని, నిన్ను అడగకుండా, ఆమె ఒక ఫొటో తెరిచిన రోజు నాకు ఫోన్ చేయి. సర్వరుకు కావలసిన డిస్కు నేను కొనిస్తాను.

ఇట్లు,
మీ మామ